ముట్టా? పుండా?

ఏదో తేడాగా ఉందని మొదట కనిపెట్టింది డాక్టరు కాదు. జబ్బు పడ్డ మనిషీ కాదు. మా ఇంటి గుడ్డలు ఉతికే ఎర్రమ్మ.

కార్తీకమాసం. పెద్ద యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు. నాకు పద్దెనిమిదేళ్ళు, పెళ్ళయి రెండేళ్ళు. అనకాపల్లిలో మా అత్తవారింటి పెరట్లో, నూతి పక్కన, నాలుగోనాటి తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుంటున్నాను. మా పశువులపాక చూరుకి ఒక తాటాకు బుట్ట వేలాడుతూ ఉండేది. నెలకి మూడు రోజులు బయట కూర్చున్నప్పుడు వాడిన గుడ్డలు అందులో వేసేవాళ్ళం. దాన్ని ఇంట్లో ఇంకెవరూ ముట్టుకోరు. ఎర్రమ్మ వచ్చి దింపి, ఏటికి తీసుకెళ్ళి, విడిగా ఉతికి తెచ్చేది.

ఆ రోజు ఎర్రమ్మ బుట్ట దింపి, లోపలికి చూసి, అలాగే నిలబడిపోయింది.

"సిన్నమ్మా, ఈ నెల్లో రెండుసార్లు బైట సేరేవేటి?"

"నేదే. ఒక్కసారేగా."

"మరిదేటి?" పుల్లతో ఒక గుడ్డ పైకెత్తింది. "నీ గుడ్డలు నీలంకోక ముక్కలు, నాకు తెల్దేటి? ఇది పంచెముక్క. అంచు సూడు. పోయిన నెల్లోనూ వచ్చింది, అంతకుముందూ వచ్చింది. నీయేనేమో అనుకున్నాను." తరవాత గొంతు తగ్గించింది. "రంగు సూసేవా? మాంసం కడిగిన నీల్లలాగుంది. వోసన కూడా ముట్టు వోసన కాదమ్మా."

మీకు ముక్కు మూసుకోవాలనిపిస్తుందేమో పిల్లలూ. కొంచెం ఓర్చుకోండి. సుజా, మొన్న పూనా నుంచి ఫోన్ చేశావు. "మామ్మా, మినీకి సర్వైకల్ కాన్సర్ రాకుండా ఇంజెక్షన్ వేయించమంటోంది డాక్టరు, పన్నెండేళ్ళ పిల్లకి ఇప్పట్నుంచీ అదేమిటి?" అని అడిగావు. రాసి పంపుతానన్నాను. ఇదే ఆ జవాబు. భిలాయ్‌లో మీ చెల్లెలికి కూడా చదివి వినిపించు. దానికి నలభై వచ్చినా ఇలాంటి మాటలంటే సిగ్గే.

ఆ రోజుల్లో బట్టకి కంట్రోలు ఉండేది. కొత్త చీర కళ్ళజూడటమే గగనం. చిరిగిన ప్రతి ముక్కా ఎవరిదో ఇంట్లో అందరికీ తెలుసు, ఎర్రమ్మకి ఇంకా బాగా తెలుసు. ఆ పంచె మా మావయ్యగారిది. దాన్ని చింపి దాచుకునే మనిషి ఇంట్లో ఒక్కరే. మా అత్త, అప్పలనరసమ్మ. అంటే మీ నాన్నకి నాయనమ్మ.

కాని అత్తకి ముట్లుడిగి నాలుగేళ్ళయింది.

ఆ సంగతి మా వీధిలో పెద్ద సంగతే. ఉగాది ముందురోజు కొత్తమావాస్యకి మా వీధి తరపున అమ్మవారికి బూరెలూ పరమాన్నమూ వండి పంపేవారు. వాటిని వండే మనిషి ముత్తైదువై ఉండాలి, ముట్లుడిగి ఉండాలి. మా అత్తకి ఆ రెండూ కుదిరి మూడేళ్ళుగా ఆవిడే వండుతోంది. పెళ్ళయిన నాటి నుంచి నెలనెలా పాకలో చాపమీద కూర్చున్న మనిషికి, వీధి వీధంతా ఆగి "అప్పలనరసమ్మొదినా, పొయ్యి ఎలిగించు" అనటం అంటే ఏమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడవుతుంది.

నాకు ఏదైనా తెలియకపోతే నిద్రపట్టదు. చిన్నప్పుడు గడియారం వెనక మూత తీసి దెబ్బలు తిన్నదాన్ని. రెండు రోజులు అత్తనే గమనించాను. చలిలో రోజుకి రెండుసార్లు నీళ్ళు పోసుకుంటోంది. చీరలకి సాంబ్రాణి పొగ పడుతోంది. కూర్చుని లేచేటప్పుడు నడుం పట్టుకుంటోంది. ఇవన్నీ ఎన్నాళ్ళనుంచో నా కళ్ళముందే జరుగుతున్నాయి. చూశాను కాని ఏమీ కనబడలేదు.

మూడోనాడు బియ్యప్పిండి విసరటానికి ఇద్దరం తిరగలి ముందు కూర్చున్నాం. తిరగలి పిడిమీద రెండు చేతులు పడ్డాక ఎవరూ లేచి వెళ్ళిపోలేరు. అందుకని అక్కడే అడిగాను.

"అత్తా, బుట్టలో పంచెముక్కలు నీయేనా?"

చెయ్యి ఆగింది. మళ్ళీ తిప్పింది.

"ఎవురు సెప్పేరు? ఆ ఎర్రేనా?"

"ఎవురైతే ఏటి. నీయేనా?"

"సావనమాసం కాడ్నుంచి కనబడతంది," అంది పిండివైపే చూస్తూ. "ఎదరింటి సిట్టెమ్మ పిన్నినడిగేను. కొందరికి పోయి మల్లీ వత్తాదంట. అదేటి పెద్ద ఇడ్డూరం కాదంది."

"మరి బైట సేరేవు కాదేటి?"

"సేరితే వీదంతా తెలిసిపోదేటే! మల్లీ బైట సేరిందంటే ఇంక అమ్మోరి పొయ్యికాడికి రానిత్తారేటి నన్ను?" గుప్పెడు బియ్యం తిరగలి నోట్లో పోసింది. "నాలుగు నెల్లై మైలతోనే వొండతన్నాను. దేవుడి దీపం ఎట్టేను. ఆ తల్లి నన్నేటి సేత్తాదో."

నాలుగు నెలలుగా ఆవిడకి రోగం భయం లేదు. ఆ భయం ఎందుకు లేదంటే, అది రోగమని ఆవిడకి తట్టనే లేదు. నెలసరి తిరిగి వచ్చిందనుకుంది. తిరిగి వచ్చిన నెలసరిని దాచిపెట్టి తప్పు చేస్తున్నాననుకుంది. ఆ తప్పు కింద రోగం కనబడకుండా పోయింది.

"అది ముట్టేనని ఎలా తెలుసు అత్తా?" అన్నాను. "ముట్టు వోసన కాదంటంది ఎర్రమ్మ."

"నా గుడ్డలు వోసన సూసిందా అది! రమ్మను!"

ఎర్రమ్మ వచ్చింది. పెరటి గడప అవతలే నిలబడింది. అత్త పెట్టిన తిట్లన్నీ తలవంచుకుని విన్నది.

"సూడకుండా ఎలా ఉతుకుతానమ్మా?" అంది చివరికి. "మీ ముప్పై ఇల్లల్లో ఎవురు ఎప్పుడు బైట సేరతారో, ఎవురికి నెల తప్పిందో మీ మొగోల్లకన్న ముందు నాకే తెలస్తాది. ఎవురికీ సెప్పను. సెప్పితే బతకనిత్తారేటి. కాని ఈ రంగు నాను ఒకసారి సూసేను. రావికమతంలో మా అమ్మతో ఉతికినప్పుడు, ఒకాయమ్మ గుడ్డమీద. ఆయమ్మా ఇలాగే, ముట్లుడిగిన మనిషి. మల్లీ వొయసొచ్చిందని అందరూ నవ్వేరు. దసరాకి నవ్వితే సంకురేత్రికి మనిషి నేదు."

అత్త తిరగలి చుట్టూ పడ్డ పిండి ఒక చేత్తో దగ్గరికి తోసింది. "అయితే ఏటంటావే ఎర్రీ?" అంది, తిట్టినట్టు కాకుండా.

"నాకేటి తెల్సు తల్లీ. ముట్టు మూడ్రోజుల్లో ఆగాల. ఆగనిది పుండే."

నాకు అక్కడ దారి దొరికింది. అత్తతో "రోగం, డాక్టరు" అంటే కదలదు, కొత్తమావాస్య అయ్యాక చూద్దామంటుంది. అందుకని అలా అనలేదు. "అత్తా, ముట్టైతే మైల. పుండైతే మైల నేదు. కాల్లో ముల్లు గుచ్చుకుని రగతం వత్తే బైట కూకుంటామేటి? ఏదో తేల్చుకుంటే నీకు బెంగ తీరతాది కదా," అన్నాను.

తిరగలి పిడి వదిలేసి నన్నే చూసింది. "ఎవురు తేలుత్తారు? పంతులుగారినడగమంటావేటి ఈ మాట?"

"లోపలికి సూసేవోల్లే సెప్పాల. ఇసాపట్నంలో డాక్టరమ్మ ఉంది. ఆడమనిషే."

మీ తాతయ్య రైల్వే గూడ్సు షెడ్డులో పనిచేసేవారు. ఆయనకి చెప్పటం ఇంకో గండం. నేను మొదలుపెట్టగానే చెవులు ఎర్రగా అయిపోయాయి. "ఆడోల్ల సంగతులు నాకెందుకు సెప్తావే?" అన్నారు. "మీ అమ్మ సంగతి," అన్నాను. కాసేపు గోడవైపు చూసి, "ఎప్పుడెల్లాల?" అన్నారు. అంతే. ఆ ఒక్క మాటకి ఆయన్ని నేను జన్మంతా గౌరవించాను.

వీధిలో సింహాచలం మొక్కు అని చెప్పాం. అబద్ధం కాకూడదని అత్త పట్టుబట్టి ముందు కొండకే తీసుకెళ్ళింది. దర్శనమయ్యాకే ఆస్పత్రి.

డాక్టరమ్మకి నలభై ఉంటాయేమో. నెమ్మదిగా మాట్లాడేది. ఎంతమంది పిల్లలు, మొదటి కాన్పు ఏ వయసులో, రక్తం ఎప్పటినుంచి, అన్నీ అడిగింది. పద్నాలుగేళ్ళకే మొదటి కాన్పు. మొత్తం తొమ్మిది, బతికింది ముగ్గురు. అత్త ఒక్కొక్కటే చెప్పింది, వేరే ఎవరి సంగతో చెప్పినట్టు. తెర వెనక బల్లమీద పడుకోబెట్టినప్పుడు మాత్రం నా చెయ్యి వదల్లేదు. ఒక ఇనప పనిముట్టు వేడినీళ్ళలోంచి తీశారు. స్పెక్యులమ్ అన్నారు దాన్ని. అత్త కళ్ళు గట్టిగా మూసుకుంది. నేను మూసుకోలేకపోయాను. మెడ సాచి అటే చూస్తున్నాను.

డాక్టరమ్మ గమనించింది. "చూస్తావా? భయపడవు కదా?" అని లైటు తిప్పింది.

చూశాను. లోపల, చివర, గుండ్రంగా ఒక చిన్న మూతి. "గర్భసంచి ముఖద్వారం. సర్విక్స్ అంటాం," అంది. అది నున్నగా ఉండాలట. సగం నున్నగానే ఉంది. మిగతా సగం మీద ఎర్రగా, గరుగ్గా ఏదో పెరిగి ఉంది, పుంజు తలమీద జుట్టులాగా. దూది తగిలితే చాలు రక్తం చిమ్మింది. నేను ఇలాంటిదాంట్లోంచే పుట్టానా, మనమందరం ఇంత చిన్న వాకిట్లోంచే వచ్చామా, దాన్ని ఒక్కరమూ ఎప్పుడూ చూసుకోలేదా అని అంత భయంలోనూ అనిపించింది.

"గ్రోత్ ఉంది," అంది డాక్టరమ్మ. "చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతాను."

అత్త లేచి చీర సర్దుకుంది. అక్కడికి వచ్చిన పని అడిగింది.

"డాక్టరమ్మా, అది ముట్టా, పుండా?"

డాక్టరమ్మకి అర్థం కాలేదు. నా వైపు చూసింది. "పుండు. నెలసరి కాదు," అంది.

"కాదు కదా? మైల నేదు కదా?"

"మైల ఏమీ లేదమ్మా. కాని ఈ పుండు..."

"సాలు తల్లీ!" అత్త రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. కళ్ళనిండా నీళ్ళు, మొహం నిండా నవ్వు. "నాను తప్పు సెయ్యనేదు. ఇన్నావేటే, నాను తప్పు సెయ్యనేదు!"

డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది. "ఆవిడకి నేను చెప్పింది తెలిసిందా? కాన్సర్ కావచ్చు."

"ఆవిడ అడిగింది మీరు సెప్పేరు," అన్నాను. "రెండోది నాను సెప్తాను." తరవాత ఆగలేక, "ఇది ఎందుకొత్తాదమ్మా?" అని అడిగాను.

"ఎందుకొస్తుందో మాకే సరిగ్గా తెలియదు," అంది. ఒక డాక్టరు నోట తెలియదనే మాట వినటం నాకదే మొదలు. ఆ మాట నేను మర్చిపోలేదు. దానికి జవాబు రావటానికి ఎన్నేళ్ళు పట్టిందో చివర చెబుతాను.

పదిహేను రోజులకి రిపోర్టు వచ్చింది. కాన్సరే. డాక్టరమ్మ మీ తాతయ్యకి చెప్పింది: "స్టేజ్ టూ. పక్కకి పాకింది కాని కటి ఎముకల గోడదాకా పోలేదు. మద్రాసు పంపుతాను, రేడియం పెడతారు. ఆశ ఉంది. ఉగాది అయ్యాక వస్తామంటే మాత్రం, అప్పుడు నేను చెయ్యగలిగింది ఏమీ ఉండదు."

అత్తకి నేనే చెప్పాను, ఇంటికొచ్చాక, అదే తిరగలి దగ్గర. విని, పిండి జల్లెడలోకి ఎత్తింది. "కొత్తమావాస్యకి తిరిగొచ్చేత్తామా?" అంది. "బేగి ఎల్తే బేగి వత్తాం," అన్నాను. వస్తామో రామో నాకు తెలియదు.

మద్రాసులో వార్డులో అక్కడి మాట రాక నానా అవస్థా పడ్డాం. నీళ్ళడగటానికి కూడా చేతులు తిప్పాలి. మూడోనాడు ఒక నర్సు వచ్చి పక్క దులుపుతూ, "ఏ ఊరు మీది?" అంది మన యాసలో. నాతవరం వైపు పిల్ల, రూతమ్మ. క్రిస్టియన్ల అమ్మాయి, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. అత్త ఆ పిల్ల చెయ్యి పట్టుకుని గుక్కపెట్టి ఏడ్చింది. రిపోర్టు విన్న రోజు కూడా అంత ఏడవలేదు.

రేడియం అంటే ఏదో మందునీళ్ళు అనుకున్నాను. కాదు. సన్నటి గొట్టాల్లో ఉండే ఒక లోహంట. సీసం పెట్టెలో పెట్టి తెచ్చారు. పొడుగాటి పట్టకారులతో తప్ప చేత్తో ముట్టుకోలేదెవరూ. ఆ గొట్టాలు లోపల అమర్చి, గుడ్డతో గట్టిగా కూరి, ఒక పగలూ రాత్రీ దాటి కదలకుండా పడుకోమన్నారు. నేను మంచం పక్కన కూర్చోబోతే రూతమ్మ రెక్క పట్టుకుని లాగేసింది.

"అక్కడే నిలబడి మాటాడు. నీకింకా పిల్లలు పుట్టాల."

"అదేటి సేత్తాది? కనబడదు, వోసన నేదు, వేడీ నేదు."

"కనబడకుండానే కాల్చేత్తాది. మంచిదీ సెడ్డదీ రెండూ. అందుకే టైము సూసి తీసేత్తారు."

అక్కడే మేం పొరపాటు చేశాం. తెల్లారగానే అత్తకి స్నానం కావాలి. ఆవిడ పుట్టి బుద్ధెరిగాక స్నానం లేకుండా ముద్ద నోట పెట్టలేదు. కదలకూడదని వంద సార్లు చెప్పారు. నేనూ విన్నాను. అయినా, "గుంటా, ఒక్క సెంబుడు నీల్లు ఒంటిమీద పోసుకుని వచ్చేత్తాను, లేపు," అంటే జాలిపడి చెయ్యి అందించాను. లేవబోతూ కెవ్వుమంది. రూతమ్మ పరుగెత్తుకొచ్చింది. లోపల గొట్టం పక్కకి జరిగింది. డాక్టర్లొచ్చి తీసి, మళ్ళీ పెట్టాల్సి వచ్చింది. ఒక పెద్ద డాక్టరు నన్ను ఇంగ్లీషులో తిట్టారు. భాష రాకపోయినా ప్రతి ముక్కా అర్థమైంది.

అత్త ముద్ద ముట్టలేదు. నీళ్ళు కూడా తాగలేదు. స్నానం లేదు కాబట్టి తినను అంది. సాయంత్రానికి పెదాలు ఎండిపోయాయి. అప్పుడు రూతమ్మ తడిగుడ్డ తెచ్చి మొహం తుడుస్తూ అంది:

"ఏటమ్మా నీ గోల? దేవుడికాడికి ఎల్లాలంటే తానం కావాల, సరే. మరి ఇప్పుడు దేవుడే నీ కడుపులో కూకుని రోగాన్ని కాలుత్తన్నాడు. ఆయన్ని లోపలెట్టుకుని నువ్వెక్కడికెల్తావు తానానికి?"

అత్త ఆలోచించింది. చాలాసేపు ఆలోచించింది. "మీ దేవుడా, మా అమ్మోరా?" అంది.

"నువ్వు కదిల్తే ఇద్దరూ ఎల్లిపోతారు."

అత్త నవ్వింది. నోరు తెరిచి గంజి తాగింది.

రెండుసార్లు పెట్టారు, మధ్యలో కొన్నాళ్ళు ఆపి. రెండోదాని తరవాత విరేచనాలు పట్టుకున్నాయి. ఒంటేలుకి వెళ్తే మంట. మనిషి సగమైపోయింది. ఒకరోజు, "ఎందుకు తెచ్చేవే నన్నిక్కడికి? పుండు కాదు, ముట్టని సెప్పినా బాగుణ్ణు," అంది. నేను మాట్లాడలేదు. అలాంటప్పుడు జవాబు చెప్పకూడదని అక్కడే నేర్చుకున్నాను. దగ్గరుంటే చాలు.

మాఘం వెళ్ళాక ఇల్లు చేరాం. రక్తం ఆగింది. మొదటి వారమే ఎర్రమ్మని పిలిపించింది అత్త. పెరటి గడప అవతల కాదు, లోపలికి. తన గుడ్డ తనే తీసి చూపించింది. "సూడవే ఎర్రీ. నువ్వు సెప్తేనే నాకు నమ్మకం."

ఎర్రమ్మ వెలుతురులో పట్టుకుని చూసింది. "ఏటీ నేదమ్మా. నీల్లే."

పదిరోజుల తరవాత మళ్ళీ ఎర్రటి మరక. ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. మళ్ళీ విశాఖపట్నం. డాక్టరమ్మ చూసి, "ఇది గర్భసంచి నుంచి కాదు, పేగు నుంచి. రేడియం రియాక్షన్. తగ్గుతుంది. ఆ గ్రోత్ ఉన్నచోట ఇప్పుడు చూడు," అని నాకు మళ్ళీ లైటు పట్టింది. పుంజు జుట్టు లేదు. తెల్లటి మచ్చ ఉంది, మానిన గాయంలాగ.

ఇంతలో కొత్తమావాస్య వచ్చేసింది. పది రోజుల ముందు మా అరుగుమీద వీధి ఆడవాళ్ళు కూడారు. మద్రాసు వెళ్ళొచ్చామని అందరికీ తెలుసు, ఎందుకో తెలియదు. చిట్టెమ్మ పిన్ని మెల్లిగా అంది: "ఈ యేడు ఇంకెవురిసేతైనా వొండిద్దారి. అప్పలనరసమ్మకి ఒంట్లో బాగోనేదు కదా. అదేదో ఆడోల్ల రోగమంట."

నాలుగు నెలలు ప్రాణం పణంగా పెట్టి దాచిన మాట అది. అత్త కొంగు భుజాన సర్దుకుని లేచింది.

"అవును. ఆడోల్ల రోగమే. నాలుగేల్ల నాడు ఆగింది, మల్లీ కనబడింది. ముట్టనుకుని దాసేను. ముట్టు కాదు, పుండంట. లోపల గర్బసంచి మూతికాడ. డాక్టరమ్మ సూసింది, నా కోడలు కల్లారా సూసింది. మైల నేదని డాక్టరమ్మ సెప్పింది. మీరు వొండొద్దంటే వొండను. కాని ఒక మాట అడుగుతాను. మీలో ఎవురికైనా ఆగేక మల్లీ కనబడిందా? మజ్జిలో కనబడిందా? మొగుడు కాడికెల్తే కనబడిందా?"

ఒక్కరూ కదల్లేదు. పిల్లలున్నారని ఒకావిడ గసిరింది. ఇంకొకావిడ ఫక్కున నవ్వి నోరు మూసుకుంది. కాసేపటికి అందరూ కొంగులు దులుపుకుని లేచిపోయారు. "నువ్వే వొండొదినా," అన్నారెవరో పోతూపోతూ.

కొత్తమావాస్యనాడు అత్తే వండింది. మధ్యలో రెండుసార్లు కూర్చుండిపోయింది, కాని మూకుడు దగ్గరనుంచి లేవలేదు. బూరెలు వీధిలో పంచటం అయ్యాక, పొద్దు వాలేవేళ, పెరటి తలుపు దగ్గర చప్పుడైంది. చిట్టెమ్మ పిన్ని. చేతిలో బూరె అలాగే ఉంది, కొరకలేదు.

"అప్పలనరసమ్మా, నీకు పోయి మల్లీ వత్తాదని సెప్పేను కదా..."

"సెప్పేవు పిన్నీ."

"నాకలాగే వచ్చింది. అందుకే సెప్పేను. రెండేల్లైంది."

అత్త ఆవిడని లోపలికి లాక్కుని తలుపు వేసింది. ఆ వారంలోనే విశాఖపట్నం తీసుకెళ్ళాం. డాక్టరమ్మ చూసి బయటికొచ్చి చేతులు కడుక్కుంటూ ఉండిపోయింది. మద్రాసు ప్రయాణం అవసరం లేదంది. పిన్నికి గ్రోత్ మూత్రసంచి దాకా పాకింది. ఆ దసరా పిన్ని చూడలేదు. ఆఖరి రెండు నెలలూ అత్తే రోజూ వెళ్ళి ఒళ్ళు తుడిచేది. ఆ వాసనకి ఇంట్లోవాళ్ళే గదిలోకి రాలేకపోయేవారు. అత్త ఒక్కనాడూ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోలేదు. ఒకసారి నాతో అంది: "పిన్ని నాకు అబద్దం సెప్పనేదే. తనకి తెలిసిందే సెప్పింది. ఇద్దరికీ తెలిసింది అంతే."

అత్త ఆ తరవాత పదకొండేళ్ళు బతికింది. మీ నాన్నని ఎత్తుకుంది, నడిపించింది. పోయింది గుండె ఆగి. బతికినన్నాళ్ళూ ఎర్రమ్మా ఆవిడా కలిసి ఒక పని చేశారు. ఏ ఇంట్లోనైనా ముట్లుడిగిన మనిషి గుడ్డ బుట్టలో పడితే, ఎర్రమ్మ అత్తకి చెప్పేది. అత్త ఆ ఇంటికి పసుపు అరువడగటానికో, పచ్చడి ఇవ్వటానికో వెళ్ళేది. అయిదుగురిని నేను రైలెక్కించాను. ఇద్దరిది వట్టి కండేనని, కాన్సర్ కాదని తేలింది. మిగతా ముగ్గురి సంగతులు అన్నీ మంచివి కావు, రాయను.

నాకు యాభై ఎనిమిదేళ్ళప్పుడు మన ఊళ్ళో ఒక కాంపు పెట్టారు. పాప్ స్మియర్ అన్నారు. హాలునిండా ఆడవాళ్ళు కూర్చున్నారు, ఒక్కరూ లోపలికి వెళ్ళరు. సుజా, మీ అమ్మే అంది: "జబ్బేమీ లేదు కదత్తయ్యా, లేని జబ్బుని వెతికించుకోవటం ఎందుకు?" నేను లేచి ముందు వెళ్ళాను. భయం లేక కాదు, ఏం చేస్తారో చూద్దామని. చిన్న చెక్కపుల్లతో గీసి, గాజు పలకమీద పూశారు. అంతే. ఆ పలకలో ఏం కనిపిస్తుందని అడిగితే అక్కడి డాక్టరమ్మాయి ఓపిగ్గా చెప్పింది. కాన్సర్ అవటానికి చాలా ఏళ్ళ ముందే ఆ కణాలు మారటం మొదలుపెడతాయట. అప్పుడే పట్టుకుంటే చిన్న చికిత్సతో పోతుందట. బయటికొచ్చి మీ అమ్మని చెయ్యి పట్టుకుని లోపలికి తోశాను.

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. కళ్ళు కొంచెం మసక, మోకాళ్ళు పట్టేస్తాయి, మిగతా అంతా బాగానే ఉన్నాను. మొన్న నువ్వు ఫోన్లో, "అది ఒక వైరస్‌వల్ల వస్తుందట మామ్మా, హెచ్‌పీవీ అంటారు. ఆ వైరస్ ఒంట్లోకి రాకముందే చిన్నప్పుడు ఇంజెక్షన్ ఇస్తే మంచిదట," అన్నావు చూడు, నేను చాలాసేపు మాట్లాడలేదు. ఫోన్ కట్టయిందనుకుని హలో హలో అన్నావు. కట్టవలేదమ్మా. పద్దెనిమిదేళ్ళప్పుడు నేను అడిగితే డాక్టరమ్మ తెలియదన్న ప్రశ్నకి జవాబు, ఇన్నేళ్ళకి, నా మనవరాలి నోట వింటున్నాను. ఆ మాట అత్తకి చెప్పాలనిపించింది. ఎర్రమ్మకి చెప్పాలనిపించింది. ఇద్దరూ లేరు.

మినీకి ఇంజెక్షన్ వేయించు. పన్నెండేళ్ళ పిల్లకి ఇప్పుడే ఎందుకంటే, ఇప్పుడే కాబట్టి. నువ్వూ నీ చెల్లెలూ పరీక్ష చేయించుకోండి, ఏ బాధా లేనప్పుడే. ఆగిపోయాక మళ్ళీ రక్తం కనబడితే మాత్రం ముట్టో పుండో మీకు మీరు తేల్చుకోవద్దు, ఇంకొక ఆడమనిషిని అడిగి ఊరుకోవద్దు. చూసేవాళ్ళకి చూపించండి.

ఎర్రమ్మ కళ్ళు గొప్ప కళ్ళు. కాని ఆవిడ చూసింది గుడ్డమీద పడ్డాక. ఈ పరీక్ష గుడ్డమీద పడకముందే చూస్తుంది. గుడ్డ చెప్పేదాకా ఆగకండమ్మా.